పక్కింటావిడ స్వీట్ టీ: ఆరేళ్లు చేసుకు తాగాక

మేం అట్లాంటా పక్కన ఆల్ఫారెట్టాకి వచ్చిన మొదటి వేసవిలో పక్కింటి పెద్దావిడ ఓ జగ్గు నిండా టీ తెచ్చిచ్చింది. టీ అంటే మనకి పొగలు రావాలి కదా, ఇదేమో ఐసు ముక్కలు వేసుకుని తాగేది, పానకమంత తీపి. మొదటి గుక్క నచ్చలేదు, నిజం చెప్తున్నా. రెండో గ్లాసు మాత్రం నేనే పోసుకున్నాను. ఇక్కడ హోటల్లో ఊరికే టీ అంటే ఇదే తెచ్చిపెడతారు, మనది కావాలంటే హాట్ టీ అని విడిగా చెప్పుకోవాలి. మనకి ఆవకాయలో ఇంటికో కొలత ఉన్నట్టు వీళ్లకి ఇందులో ఉంటుంది. నాది ఆవిడ వాళ్ల అమ్మమ్మ కొలత.

ఒక గ్యాలన్‌కి, అంటే దాదాపు 3.8 లీటర్లకి, 4 ఫ్యామిలీ సైజు టీ బ్యాగులు (మామూలు వాటికంటే పెద్దవి), 2 కప్పుల పంచదార, చిటికెడు వంట సోడా. లీటరు నీళ్లు తెర్లగానే స్టవ్ ఆపేసి, సోడా వేసి, బ్యాగులు ముంచి మూత పెట్టి పది నిమిషాలు వదిలెయ్యాలి. టీ అనగానే మరిగించాలని మన చెయ్యి ఊరుకోదు, మరిగించారో వగరు. బ్యాగులు పిండినా అంతే. పంచదార ఆ వేడి డికాషన్‌లోనే కరిగిపోవాలి, ఆ తర్వాతే మిగతా చన్నీళ్లు. చల్లారాక వేస్తే ఎంత తిప్పినా గ్లాసు అడుగున ఇసకలా కూర్చుంటుంది.

అసలు పనితనమంతా ఆ సోడాదే. వగరు విరిచేస్తుంది, రంగు కూడా ముదురుతుంది. చిటికెడు మంచిదైతే అర చెంచా ఇంకా మంచిదనుకుని మొదటి ఏడాది వేశాను, జగ్గు మొత్తం సబ్బునీళ్ల రుచి, పారబోశాం. ఇంకో తప్పు, తొందరపడి వేడిగా ఉండగానే ఫ్రిజ్‌లో పెట్టడం. టీలో ఉండే టానిన్లూ కెఫీనూ చల్లబడేటప్పుడు ఒకదాన్నొకటి పట్టుకుని నీళ్లు మబ్బుగా అయిపోతాయి. తాగడానికేం కాదు గానీ చూడ్డానికి బాగోదు. బయటే చల్లారనిచ్చి అప్పుడు పెట్టండి.

ఇండియన్ స్టోర్‌లో కొన్న మన టీ పొడితో కూడా చేశాను. వద్దు. అది పాలకి తట్టుకునేలా చేసిన సీటీసీ రకం, అంటే ఆకుని నలిపి చిన్న గుళికల్లా చేసింది, పాలు లేకపోతే గొంతు పట్టేస్తుంది, ఎంత వడకట్టినా అడుగున మడ్డి. ఆకు టీ అయితే పర్వాలేదు. 1879లో అచ్చయిన ఓ వర్జీనియా వంటల పుస్తకంలో ఐస్ టీని గ్రీన్ టీతో చెయ్యమని ఉందని తెలిసి అదీ చూశాను, మా ఇంట్లో ఎవరూ రెండో గ్లాసు అడగలేదు.

నా ఫిర్యాదు ఒక్కటే, తీపి. 2 కప్పులంటే 400 గ్రాముల పంచదార. లెక్కేస్తే 350 మిల్లీలీటర్ల గ్లాసుకి 37 గ్రాములు పడుతుంది, కోలా క్యాను కంటే పెద్ద తేడా ఏం లేదు. మూడో ఏడాదికి మా ఆయన షుగరు రిపోర్టు చూసి టెన్షన్ పడి సగానికి తగ్గించాను. సోడా వల్ల వగరు లేదు కాబట్టి ఒక కప్పుతో కూడా బాగానే ఉంటుంది, గ్లాసులో నిమ్మచెక్క పిండుకుంటే ఇంకా మేలు. పిల్లలకి మాత్రం సాయంత్రం ఇవ్వకండి, చల్లగా ఉన్నా అది టీయే, రాత్రి పదకొండైనా పడుకోరు.

నేను సగం పంచదారతో చేసింది ఆవిడకి కూడా ఒకసారి పోసిచ్చాను. బాగుందమ్మా అంది. కాసేపాగి నేను వంటింట్లోంచి వచ్చేసరికి పంచదార డబ్బా మూత తీసి ఉంది, ఆవిడ గ్లాసు అడుగున రెండు చెంచాల ఇసక.