ఫాస్ఫేట్ కిట్ సున్నా చూపిన రోజున చెరువు నిండా తెట్టు

చెరువు నీటిలో పాచికి ఎరువయ్యే ఫాస్ఫేట్‌ను ఎవరికి వారే కొలుచుకోవచ్చని అమ్ముతున్న చుక్కల కిట్ ఒకదానిని ఏడాది పాటు, వారానికొకసారి వాడి చూశాను. గాజు గొట్టంలో గీత వరకు నీరు పోసి, మాలిబ్డేట్ ద్రావణం చుక్కలు వేసి, ఆస్కార్బిక్ ఆమ్లం పొడి కలిపి కొన్ని నిమిషాలు ఆగితే నీరు నీలంగా మారుతుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కబడుతుంది. ప్రయోగశాలల్లోనూ వాడే పద్ధతే కనుక రసాయనాన్ని తప్పు పట్టలేము.

లోపమంతా రంగుల పట్టికలో ఉంది. అందులో సున్నా తరువాతి గడి లీటరుకు 0.25 మిల్లీగ్రాములు. ఫాస్ఫేట్ బరువులో భాస్వరం సుమారు మూడో వంతు కాబట్టి, ఆ గడి దాదాపు 0.08 మిల్లీగ్రాముల భాస్వరంతో సమానం. సరస్సులో మొత్తం భాస్వరం లీటరుకు 0.03 మిల్లీగ్రాములకు చేరేసరికే పాచి విజృంభించవచ్చు. అంటే పట్టికలో మొదటి నీలం కనబడే లోపే చెరువు చెడిపోగలదన్న మాట.

అంతకంటే తికమక పెట్టిన సంగతి మరొకటి ఉంది. గట్టు వారగా ఆకుపచ్చ రంగు డబ్బా ఒలికినట్టు తెట్టు కట్టిన రోజున, ఆ నీటిని వడకట్టి పరీక్షిస్తే కిట్ సున్నా చూపింది. మందు పాడైందనుకున్నాను. నిజానికి కరిగి ఉన్న ఫాస్ఫేట్‌ను పాచి అప్పటికే తన కణాల్లోకి పీల్చుకుంది. ఈ కిట్ కరిగినదానినే కొలుస్తుంది. కణాల్లో ఉన్నదీ లెక్కకు రావాలంటే నీటిని ఆమ్లంతో వేడి చేయాలి, అది ఇంటి పని కాదు. కొన్ని వారాలకు పాచి చచ్చి కుళ్లిన తరువాత అదే చోటి నీరు నీలంగా తిరిగింది.

వడకట్టకుండా పోస్తే ఆకుపచ్చలో నీలం కలిసి ఏ గడికీ పోలని రంగు వస్తుంది. అయినా వడపోత కాగితం పెట్టెలో ఇవ్వకపోవడం పిసినారితనమే. ఇక పాచి విషాల సంగతి ఈ కిట్‌కు పట్టదు. వాటిలో ఒకటైన మైక్రోసిస్టిన్‌కు తాగునీటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు ఒక మైక్రోగ్రాము. దానికి పరీక్ష వేరే.

అయితే చెరువులోకి వచ్చే కాలువల దగ్గర ఇది బాగా పనికొచ్చింది. తొలి వాన మరునాడు మూడు కాలువల నీటిని పక్కపక్కన పెట్టి చూస్తే, మురుగు కలిసే కాలువ నీరున్న గాజు గొట్టం ఒక్కటే సిరాలా కనబడింది. చెరువు నడుమ మాత్రం నీటి తేటదనాన్ని కొలిచే 20 సెంటీమీటర్ల నలుపు తెలుపు సెక్కీ బిళ్లను తాడుతో దించి, అది ఎంత లోతున కనుమరుగవుతుందో రాసుకుంటున్నాను. మందు అయిపోయాక కిట్ మళ్లీ కొన్నాను గానీ, కాలువల కోసమే.