777 సిమ్యులేటర్‌లో టేకాఫ్ లేకుండా సెషన్ మొత్తం టాక్సీయే: నా రివ్యూ

ఈ సెంటర్‌లోని విమాన సిమ్యులేటర్ (నిజం విమానం నడిపినట్టే ఉండే మెషీన్) గురించి రివ్యూలు రాసినవాళ్లంతా ల్యాండింగ్ గురించే రాశారు. అడ్డగాలిలో ఎలా దిగారు, ఒక ఇంజన్ ఆగిపోతే ఏం చేశారు, రాత్రిపూట రన్‌వే లైట్లు ఎంత బాగున్నాయి, ఇవే కబుర్లు. నేను బుక్ చేసేటప్పుడే చెప్పాను, నాకు టేకాఫ్ వద్దు, ల్యాండింగ్ వద్దు, గేటు నుంచి రన్‌వే దాకా, రన్‌వే నుంచి మళ్లీ గేటు దాకా నేల మీద నడపడమే, అంటే టాక్సీ చేయడమే కావాలని. ఫోన్ ఎత్తినాయన కాస్త ఆగి, "అలా ఎవరూ అడగరండీ, అయినా మా సార్‌కి చెప్తాను" అన్నారు. సార్ అంటే ఇన్‌స్ట్రక్టర్ గారు, పెద్ద విమానాలు నడిపి రిటైరైన కెప్టెన్. ఆయనైతే నేను కోరింది విని సంబరపడిపోయారు. అందుకే ముందే చెప్పేస్తున్నా, ఈ సెంటర్‌లో మీరు డబ్బు పెట్టాల్సింది ఆయన అనుభవం మీద, మెషీన్ తర్వాతే.

మెషీన్ సంగతి చూస్తే ఇది కదిలే ప్లాట్‌ఫాం మీద ఉన్నది కాదు. బోయింగ్ 777-300ఈఆర్ కాక్‌పిట్ పూర్తిగా కట్టారు, చుట్టూ వంపు తిరిగిన స్క్రీన్. కెప్టెన్ సీట్లో కూర్చుంటే ఎడమ చేతి దగ్గర చిన్న పిడి ఉంటుంది, దాన్నే టిల్లర్ అంటారు. ముక్కు చక్రం ప్రధానంగా దీనితోనే తిరుగుతుంది, 70 డిగ్రీల దాకా. కాళ్ల కింది రడ్డర్ పెడల్స్‌తో కూడా తిరుగుతుంది కానీ ఏడు డిగ్రీలే, తిన్నగా వెళ్లేటప్పుడు చిన్న చిన్న సర్దుబాట్లకే పనికొస్తాయి. చాలా సిమ్యులేటర్లలో టిల్లర్ అలంకారంగా ఉంటుంది. ఇక్కడ మాత్రం బరువుగా, నెమ్మదిగా తిరుగుతుంది, వదిలితే మెల్లగా మధ్యకు వస్తుంది. ఈ ఒక్కదానికే వాళ్లకు పూర్తి మార్కులు ఇస్తాను.

మొదట తెలిసొచ్చేది వేగం. కళ్లు నేలకు ఐదారు మీటర్ల ఎత్తులో ఉండటంతో ఇరవై నాట్లలో (గంటకు దాదాపు 37 కిలోమీటర్లు) వెళ్తున్నా నడుస్తున్నట్టే అనిపిస్తుంది. "బయట చూసి వేగం అంచనా వెయ్యకండి, ఎదురుగా స్క్రీన్ మీద గ్రౌండ్ స్పీడ్ ఉంది, అది చూడండి" అని సార్ మొదటి మాటగా చెప్పారు. తిన్నని దారిలో ఇరవై, మలుపులో పది నాట్ల చుట్టుపక్కల. విమానం ఖాళీగా ఉంటే ఇంజన్లు ఐడిల్‌లో, అంటే కనీస శక్తిలో ఉన్నా తనంతట తనే వేగం పెంచుకుంటూ పోతుంది. అలాగని బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకూడదట, కార్బన్ బ్రేకుల అరుగుదల ఎన్నిసార్లు నొక్కామన్నదాన్ని బట్టి ఉంటుంది కాబట్టి కాస్త వేగం పెరగనిచ్చి, ఒకసారి గట్టిగా తగ్గించి, పూర్తిగా వదిలెయ్యాలి. నిండా బరువుతో, అంటే 350 టన్నుల దగ్గర ఉంటే కథ మారుతుంది, కదలడానికే థ్రస్ట్ (ఇంజన్ల తోపు) పెంచాలి, పెంచితే వెనకున్న వాళ్ల మీద ఇంజన్ల గాలి దెబ్బ పడుతుంది. ఈ రెండు బరువుల్లోనూ నడిపించి చూపించారు, తేడా నిజంగా తెలిసింది.

ఇక అసలు విషయం, మలుపు. బస్సులో డ్రైవర్ సీటు ముందు చక్రాల కంటే ముందుంటుంది కదా, మూల దాటాక గానీ స్టీరింగ్ తిప్పడు. ఇక్కడా అదే సూత్రం, కానీ కొలతలు భయపెడతాయి. పైలట్ ముక్కు చక్రం కంటే మూడు నాలుగు మీటర్లు ముందుంటాడు, వెనక పెద్ద చక్రాలు ముక్కు చక్రానికి 31 మీటర్ల వెనక ఉంటాయి. సార్ ముందు తప్పు పద్ధతి తనే చేసి చూపించారు: దారి మధ్యలో ఉండే పసుపు గీతను కళ్ల ముందే పెట్టుకుని, అది వంగిన చోటే టిల్లర్ తిప్పారు. కాక్‌పిట్‌లోంచి చూస్తే అద్భుతంగా తిరిగినట్టే ఉంది, గీత మీదే ఉన్నాం. కింద స్క్రీన్‌లో కెమెరా పెట్టి చూపిస్తే లోపలి వైపు చక్రాలు కాంక్రీటు దాటి గడ్డిలో ఉన్నాయి. 23 మీటర్ల వెడల్పున్న టాక్సీవే (విమానాలు నేల మీద నడిచే దారి) మీద దాదాపు 13 మీటర్ల మేర పరుచుకున్న చక్రాలను నడుపుతున్నాం, సరిగ్గా మధ్యలో ఉంటేనే అటూ ఇటూ ఐదేసి మీటర్లు మిగులుతుంది. అందుకని మలుపు వచ్చినప్పుడు గీతను వదిలేసి ఇంకా ముందుకు పోవాలి, మన సీటు గీత దాటిపోయి అవతలి అంచు వైపు వెళ్తోందని మనసు గోల పెడుతున్నా ఆగాలి, అప్పుడు తిప్పాలి. దీన్ని ఓవర్‌స్టీర్ అంటారు. మొదటిసారి ముక్కు కింద నేల కనబడక, అవతలి అంచు లైట్లు మాత్రమే కనబడుతున్నప్పుడు చేయి దానంతటదే తిప్పెయ్యబోతుంది. సార్ పక్కనుంచి "ఇంకా... ఇంకా... ఇప్పుడు" అంటుంటే ఆ "ఇంకా"ల మధ్య ఉన్న టెన్షన్ ఏ ల్యాండింగ్‌లోనూ ఉండదని నా అభిప్రాయం.

ఇంకో చిన్న విషయం కూడా బాగా చేశారు. 777లో వెనక ఒక్కో వైపు ఆరేసి చక్రాలుంటాయి, పదునుగా తిరిగేటప్పుడు వాటిలో చివరి ఇరుసు కూడా కాస్త తిరుగుతుంది, లేకపోతే టైర్లు ఒరుసుకుపోతాయి. ఇక్కడి సాఫ్ట్‌వేర్‌లో ఆ ఇరుసు తిరగడం కెమెరాలో కనిపిస్తుంది. ఆ కెమెరా కూడా కల్పన కాదు, 777-300 రకాల్లో నిజంగానే మూడు కెమెరాలు వస్తాయి, తోక దగ్గరి అడ్డరెక్కల ముందంచుల్లో రెండు, పొట్ట కింద ఒకటి. చక్రాలు ఎక్కడున్నాయో పైలట్లు వాటిలోనే చూసుకుంటారు.

కానీ ఆ కెమెరాలు చక్రాలను చూపించేందుకు పెట్టినవి, రెక్క చివర్లకు కాదు. నా దృష్టిలో ఈ సెషన్‌లో తెలుసుకోదగ్గ అతి ముఖ్యమైన సంగతి ఇదే. 777-300ఈఆర్ రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకు 64.8 మీటర్లు. సీట్లో కూర్చుని ఎంత మెడ తిప్పినా వాటి కొనలు కనపడవు. అమెరికా రవాణా భద్రతా బోర్డు ఎన్‌టీఎస్‌బీ 2012లోనే ఈ మాట చెప్పింది, 747, 757, 767, 777, ఏ380 లాంటి విమానాల్లో కిటికీ తెరిచి తల బయటపెడితే తప్ప రెక్క చివర కనపడదు, కాబట్టి హెచ్చరించే పరికరం పెట్టమని. ఆ సిఫార్సుకు ముందు ఏడాది, 2011 ఏప్రిల్‌లో, న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయంలో ఎయిర్ ఫ్రాన్స్ ఏ380 రెక్క ఆగి ఉన్న చిన్న జెట్ తోకకు తగిలి దాన్ని గిర్రున తిప్పేసింది. సిఫార్సు తర్వాత ఏడాది, 2013 డిసెంబర్‌లో, జోహన్నెస్‌బర్గ్‌లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 బ్రావో టాక్సీవే మీద వెళ్లాల్సింది మైక్ అనే ఇరుకు దారిలోకి నేరుగా పోయింది, రెక్క ఒక భవనంలోకి దూసుకుపోయింది, లోపలున్న నలుగురికి గాయాలయ్యాయి. 2024 సెప్టెంబర్‌లో అట్లాంటాలో డెల్టా ఏ350 రెక్క మరో చిన్న జెట్ తోకను విరిచేసింది. ఇన్నేళ్ల తేడాలో అదే రకం ప్రమాదం మళ్లీ మళ్లీ జరుగుతుంటే ప్రతిసారీ "పైలట్ పొరపాటు" అని రాసి ఫైలు మూసేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. కనపడని దాన్ని తగలకుండా నడపమంటున్నాం మనం.

అందుకే ఇక్కడి సాఫ్ట్‌వేర్‌లోని పెద్ద లోపం నన్ను బాగా నిరాశపరిచింది. రెక్క దేనికైనా తగిలితే ఏమీ కాదు. గేటు దగ్గర ఆపి ఉంచిన విమానం తోకలోంచి మా రెక్క గాలిలా దూరిపోయింది, శబ్దం లేదు, స్క్రీన్ ఆగలేదు. సార్ గమనించి ఆపి, బయటి నుంచి చూపించబట్టి సరిపోయింది, ఆయన లేకపోతే తగిలిందనే తెలిసేది కాదు. టాక్సీ నేర్పే మెషీన్‌లో ఇది ఉండకూడని లోపం, సెంటర్ వాళ్లు దీన్ని ముందు బాగు చేయించాలి. బ్రేకులు కూడా స్ప్రింగుల్లా ఎగిరిపడతాయి, మెత్తగా ఆపడం కష్టం. దారి పక్కన బోర్డులు దగ్గరికి వెళ్తే గానీ చదవలేం, అది ప్రాజెక్టర్ సమస్య అనుకుంటా.

రెండో సగం పొగమంచులో. సార్ కంట్రోల్ టవర్ వాళ్లలా దారి చెప్తారు, ఫలానా టాక్సీవే, తర్వాత ఫలానాది, ఫలానా రన్‌వే ముందు ఆగు. అది రాసుకుని, తిరిగి చదివి వినిపించి, మ్యాప్‌లో వేలు పెట్టుకుంటూ, టిల్లర్ కూడా తిప్పాలి. నిజం విమానంలో ఇది ఇద్దరి పని, ఒకరు నడుపుతుంటే ఇంకొకరు మ్యాప్ చూస్తారు. నల్ల బోర్డు మీద పసుపు అక్షరాలుంటే మనమున్న చోటు, పసుపు మీద నలుపైతే ముందున్న దారి, ఎరుపు మీద తెలుపైతే అక్కడ రన్‌వే మొదలు. వినడానికి తేలికే, మంచులో ఒక్కో బోర్డు రెండు క్షణాలు మాత్రమే కనపడి వెనక్కి పోతుంటే అప్పుడు తెలుస్తుంది.

ఇక్కడే స్పెయిన్ దీవి టెనెరిఫేలో జరిగిన ప్రమాదం గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. 1977 మార్చి 27న రెండు 747లు రన్‌వే మీద గుద్దుకుని 583 మంది పోయారు. వాటిలో ఒకటైన డచ్ సంస్థ కేఎల్‌ఎం విమానం కెప్టెన్ అనుమతి లేకుండా టేకాఫ్ మొదలుపెట్టడం ప్రధాన కారణం, అందులో వాదన లేదు. కానీ ఆ సమయంలో రెండోదైన అమెరికా సంస్థ పాన్ యామ్ విమానం అదే రన్‌వే మీద టాక్సీ చేస్తూ మంచులో రన్‌వే నుంచి బయటపడే మూడో దారి వెతుక్కుంటోంది. ఆ మూడో దారిలోకి వెళ్లాలంటే 148 డిగ్రీలు వెనక్కి మెలితిరగాలి, ఆ వెంటనే అలాంటిదే మరొకటి. వాళ్లు దాన్ని దాటి నాలుగో దాని వైపు వెళ్తున్నారు. ఆ మలుపు ఎలా ఉంటుందో చూద్దామని సార్ ఒక పని చేశారు. రన్‌వే నుంచి వేగంగా బయటపడే దారులు సాధారణంగా 30 డిగ్రీల కోణంలో ఉంటాయి కదా, దాన్ని ఎదురు దిక్కు నుంచి తీసుకోమన్నారు, అంటే 150 డిగ్రీల మలుపు. 60 మీటర్ల వెడల్పు రన్‌వే మొత్తం వాడుకుని, అవతలి అంచుకు వెళ్లి, టిల్లర్ చివరిదాకా తిప్పి, పాకినట్టు తిరిగాం. మంచు తీసేసి, ఎదురుగా ఎవరూ లేకుండానే ఇంత కష్టం. ఇది పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా నాకు ఇంత బాగా ఎక్కలేదు.

దారి తప్పి జరిగిన ప్రమాదాలు ఇంకా ఉన్నాయి. 2000 అక్టోబర్ 31న తైవాన్‌లోని తైపేలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ 747 తుపాను వానలో 05 ఎడమ రన్‌వే బదులు పనుల కోసం మూసేసిన 05 కుడి మీద టేకాఫ్ మొదలుపెట్టి యంత్రాలకు గుద్దుకుంది, 83 మంది చనిపోయారు. నేల మీది పచ్చ లైట్లు ఆ మూసిన రన్‌వే వైపే దారి చూపించాయి. 2006లో అమెరికాలోని లెక్సింగ్టన్‌లో చిన్న జెట్, రన్‌వే 22 బదులు పొట్టిదైన 26 ఎక్కింది, 50 మందిలో ఒక్కరే బతికారు. రన్‌వే అంకె అది చూసే దిక్కు డిగ్రీల్లో పదో వంతు, అందుకే రన్‌వే ఎక్కగానే దిక్సూచి అంకె, రన్‌వే అంకె సరిపోయాయో లేదో చూసి పైకి చెప్పమని సార్ ప్రతిసారీ పట్టుబట్టింది ఇందుకే.

ఎవరికి బాగుంటుంది? గాల్లో ఎగిరే సరదా కోసం వచ్చేవాళ్లకు, చిన్నపిల్లలకు ఇది విసుగే, మామూలు ప్యాకేజీ తీసుకోండి. విమానాల మీద నిజంగా ఆసక్తి ఉన్నవాళ్లు, ఇంట్లో కంప్యూటర్ మీద పెద్ద విమానాలు నడిపేవాళ్లు, పైలట్ శిక్షణకు వెళ్లబోయేవాళ్లు మాత్రం ఒక్కసారైనా తీసుకోవాలి. ఇద్దరు కలిసి వెళ్తే ఇంకా మంచిది, పక్క సీట్లో మ్యాప్ చదవడం కూడా నడపడమంత పని అని అర్థమవుతుంది. ఎయిర్‌పోర్టు మ్యాప్ రెండు రోజుల ముందే పంపమని అడగండి, అడిగితే పంపుతారు, లేకపోతే సెషన్‌లో చాలా సమయం దాన్ని అర్థం చేసుకోవడానికే పోతుంది. ఇన్‌స్ట్రక్టర్‌గా రిటైర్డ్ కెప్టెన్ గారే ఉండే రోజు చూసుకుని బుక్ చేసుకోండి. ఐదుకు నాలుగు ఇస్తున్నా, రెక్క తగిలితే తెలిసేలా చేసిన రోజు మిగిలిన ఒకటీ ఇస్తాను.