థింక్‌ప్యాడ్ టీ440కి 8 జీబీ ర్యామ్ వేసి నాలుగేళ్లు

నా ల్యాప్‌టాప్ 2013 నాటి మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంటి దగ్గర పుస్తకాల ప్రూఫులు దిద్దుతాను. ఒక పక్క అయిదారు వందల పేజీల స్కాన్ పీడీఎఫ్, ఇంకో పక్క వర్డ్ ఫైలు, నిఘంటువు కోసం క్రోమ్. ఉన్న ర్యామ్ (తెరిచిన ఫైళ్లను పట్టి ఉంచే మెమరీ) ఏమో 4 జీబీ. మూడూ తెరిస్తే చాలు, హార్డ్ డిస్క్ గరగరమనేది, పేజీ తిప్పితే తెల్ల తెరే కనిపించేది. విండోస్‌లోని టాస్క్ మేనేజర్‌లో మెమరీ 90 శాతం దాటే ఉండేది. ర్యామ్ చాలక డిస్క్‌ని వాడుకుంటోందన్నమాట.

ఇందులో 4 జీబీ బోర్డుకే అతికి వస్తుంది, స్లాట్ ఒక్కటే. 8 జీబీ వేస్తే మొత్తం 12.

మొదటిసారి మోసపోయాను. మా ఊళ్లో ఓ షాపాయన "డీడీఆర్3 ర్యామ్ ఏదైనా ఒకటేనండీ" అని ఇచ్చాడు. వేసి ఆన్ చేస్తే బీప్‌లు తప్ప స్క్రీన్ రాలేదు. ర్యామ్ మీది స్టిక్కర్ చూస్తే పీసీ3 అని ఉంది. నాకు కావాల్సింది పీసీ3ఎల్. తేడా అంతా ఆ చివరి 'ఎల్'లోనే ఉంది: అది ఉన్నది 1.35 వోల్టులతో నడుస్తుంది, లేనిదానికి 1.5 కావాలి. ఇంటెల్ నాలుగో తరం ల్యాప్‌టాప్‌లకు 1.35దే వేయాలి. ఆయన వాపసు తీసుకోలేదు, చాలా బాధేసింది. రెండోసారి స్టిక్కర్ ఫొటో తెప్పించుకుని చూశాకే 1,900 రూపాయలు పంపాను.

బయటి బ్యాటరీ తీస్తే సరిపోదు, లోపల ఇంకోటి ఉంటుంది. ముందే బయాస్‌లో (విండోస్ రాకముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో) దాన్ని డిసేబుల్ చేయాలి. స్క్రూలు వదులు చేశాక కూడా కింది మూత తొందరగా రాదు. పాత ఏటీఎం కార్డు అంచుల్లో దూర్చి, ఒక్కో క్లిప్పూ నిదానంగా విడదీశాను. ర్యామ్‌ని ఏటవాలుగా బాగా లోపలికి దోసి కిందికి నొక్కితే రెండు వైపులా కొక్కేలు టక్కున పడతాయి. ఆ చప్పుడు వినబడాలి. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్‌ని రాత్రంతా నడిపాను, ఒక్క ఎర్రర్ కూడా రాలేదు.

ఆ గరగర మర్నాటి నుంచే ఆగిపోయింది. ఆన్ కావడానికి పట్టే టైమ్ మాత్రం అంతే. అది తగ్గింది ఏడాది తర్వాత హార్డ్ డిస్క్ బదులు వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేశాకే. రెండింట్లో ఒకటే కొనగలిగితే, మీ పని ఫైళ్లన్నీ తెరిచి టాస్క్ మేనేజర్ చూడండి. మెమరీ నిండకపోతే ర్యామ్ జోలికి పోకండి, ఆ డబ్బులు ఎస్‌ఎస్‌డీకి పెట్టండి.

ఈ ప్రాసెసర్‌కి విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబరులో ముగియడంతో విండోస్ బదులు వాడుకునే ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్‌కి మారాను. వర్డ్ బదులు లిబ్రే ఆఫీస్. ఇప్పుడు చివరి పేజీలో ఒక పేరు మీద అనుమానం వస్తే, పన్నెండో పేజీకి వెళ్లి వెంటనే సరిచూసుకుంటున్నాను.