ఒక్క కోడిపెట్ట కోసం ఫెన్‌బెండజోల్ సీసా: వాడి చూశాక

పెరట్లో మూడు నాలుగు కోళ్లు పెంచుకునేవారికి పనికొచ్చే నట్టల మందు ఏదని అడిగితే నేను ఫెన్‌బెండజోల్ పేరే చెబుతాను. అయితే నాకు దొరికిన సీసా గానీ, దానితో వచ్చిన కొలత మూత గానీ, లోపల మడిచిపెట్టిన కాగితం గానీ ఒక్క కోడికి మందు పొయ్యవలసిన మనిషిని దృష్టిలో పెట్టుకుని తయారు చేసినవి కావు.

జబ్బు చేసినది రెండేళ్ల పెట్ట. మేత దగ్గరికి అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చేది కాస్తా రెక్కలు వాల్చుకుని ఒక మూల ముడుచుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. తురాయి ఎరుపు తగ్గి పాలిపోయింది, రెట్ట పలచబడింది, గుడ్లు ఆగిపోయాయి. చేతిలోకి తీసుకుంటే రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలింది; ఈకల వల్ల పైకి నిండుగానే కనిపిస్తుంది కాబట్టి, పట్టుకుని తడిమి చూస్తే తప్ప ఎంత చిక్కిపోయిందో తెలియదు.

నట్టలేమోనని ముందుగా నేను వాడినది సులభంగా దొరికే పైపరజీన్ అనే మరో నట్టల మందు. మర్నాడు ఉదయం రెట్టలో దాదాపు వేలెడు పొడవున్న, పాలిపోయిన పసుపు రంగు పురుగులు నాలుగు కనిపించాయి. అందులో ఒకటి ఇంకా మెల్లగా కదులుతూనే ఉంది. అది మందు లోపం కాదు. పైపరజీన్ పురుగును నేరుగా చంపదు, దాని కండరాలను చచ్చుబడేలా చేస్తుంది, పట్టు తప్పిన పురుగును పేగు బయటికి నెట్టేస్తుంది. కంటి ముందు ఫలితం కనబడేసరికి పని అయిపోయిందనుకున్నాను గానీ, రెండు వారాలు తిరగకుండానే పెట్ట మళ్లీ మూలకు చేరింది. ఈ మందు ఎదిగిన ఏలిక పాముల మీద మాత్రమే బాగా పనిచేస్తుందనీ, పేగు గోడలో దాగి ఎదుగుతున్న పిల్ల పురుగులను వదిలేస్తుందనీ అప్పటికి నాకు తెలియదు.

పశువైద్యుడు ఈసారి రెట్ట పరీక్ష చేశాకే మందు రాశారు. చిక్కటి ఉప్పునీటిలో రెట్టను కలిపి వడగడితే నట్టల గుడ్లు పైకి తేలుతాయి. వాటిని సూక్ష్మదర్శినిలో నాకూ చూపించారు. చిన్నపేగులో ఉండే ఏలిక పాము గుడ్డూ, పేగు చివరి గొట్టాల్లో ఉండే సన్నని పురుగు గుడ్డూ ఇంచుమించు ఒకేలా ఉంటాయట, చూసి తేల్చి చెప్పడం కష్టమట. రెంటిలో ఏదైనా సరిపోతుందనే ఫెన్‌బెండజోల్‌కు మారాము. పైపరజీన్ ఆ రెండో రకాన్ని పెద్దగా ఏమీ చేయలేదు.

అసలు చిక్కు ఇక్కడ మొదలైంది. కోళ్లకని ప్రత్యేకంగా తయారైన ఫెన్‌బెండజోల్‌ను కిలో బరువుకు రోజుకు 1 మిల్లీగ్రాము చొప్పున 5 రోజులు తాగే నీటిలో ఇవ్వాలి. అది వందల కోళ్లున్న షెడ్డుకు అమరిన పద్ధతి. నా చేతిలో ఉన్నది ఇతర పశువుల కోసం చేసిన 2.5 శాతం ద్రవం, అంటే 1 మిల్లీలీటరులో 25 మిల్లీగ్రాములు. మా పెట్ట ఒకటిన్నర కిలోలు తూగింది కాబట్టి దానికి రోజుకు కావలసింది 0.06 మిల్లీలీటర్లు, ఒక చుక్క మాత్రమే. సీసాతో ఇచ్చిన మూతలో మొదటి గీత 5 మిల్లీలీటర్ల దగ్గర ఉంది! వైద్యుడి సూచనతో 1 మిల్లీలీటరు మందును 9 మిల్లీలీటర్ల నీటిలో కలిపి, అందులోంచి 0.6 మిల్లీలీటర్లు సిరంజితో తీసి పోశాను. ఏ రోజుకారోజు కొత్తగా కలుపుకోవాలి, ప్రతిసారీ బాగా కుదపాలి. ఫెన్‌బెండజోల్ నీటిలో కరిగే మందు కాదు, పది నిమిషాలు వదిలేస్తే గిన్నె అడుగున తెల్లటి మడ్డిలా పేరుకుంటుంది. పశువుల మందును కోళ్ల నీటి తొట్టిలో కలిపి వదిలేస్తే మొదట తాగిన కోడికి ఉత్త నీళ్లు, ఆఖరున తాగినదానికి మందంతా దక్కుతుంది. పైగా జబ్బు చేసిన కోడి నీళ్లే సరిగా తాగదు కాబట్టి నోటికి పోయడమే మేలు. ముక్కు పక్కనుంచి చుక్క చుక్కగా వదలాలి. నాలుక వెనకే గాలిగొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది, తొందరపడితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఫలితం విషయానికి వస్తే, పైపరజీన్‌లా రెట్టలో పురుగులను చూసి సంబరపడే అవకాశం ఇందులో లేదు. పురుగు ఆహారాన్ని వాడుకోలేకుండా చేసి నెమ్మదిగా చంపే మందు ఇది. 5 రోజుల్లో నాకు రెండు తెగిన ముక్కలు మాత్రమే కనిపించాయి, నిజానికి మందు పనిచేయలేదేమోనని అనుమానపడ్డాను కూడా. వారం దాటాక పెట్ట మేతకు వచ్చింది, మూడో వారానికి తురాయి ఎరుపెక్కింది, రెండు వారాల తర్వాత చేయించిన రెట్ట పరీక్షలో నట్టల గుడ్లు లేవు. పెట్ట గుడ్లు పెట్టడం మాత్రం చాలా ఆలస్యంగా మొదలుపెట్టింది.

ఈ మందు మీద నా ఫిర్యాదులు మూడు. కోళ్లకు ఎంత ఇవ్వాలో, గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో నా సీసాలోని కాగితంలో ఒక్క ముక్క లేదు. వైద్యుడు చెప్పిన గడువు వరకు గుడ్లను పారేశాను. బద్దె పురుగుల మీద దీన్ని నమ్ముకోలేము. ఎక్కువ మోతాదులో ఇస్తే కొత్తగా మొలిచే ఈకలు వంకర తిరుగుతాయి కాబట్టి ఈకలు రాల్చే కాలంలో ఉన్న కోడికి లెక్క తప్పకూడదు. రెట్టలో నెత్తురు పడుతుంటే అది చాలాసార్లు కాక్సిడియా రోగం, అంటే నట్టల వల్ల కాక పేగులో చేరే సూక్ష్మజీవుల వల్ల వచ్చేది. దానికి ఫెన్‌బెండజోల్ దండగ, వేరే మందు కావాలి.

మందు ఎంత బాగున్నా గూటి నేల అలాగే ఉంటే డబ్బు దండగే. రెట్టతో పడిన ఏలిక పాము గుడ్లు వెచ్చని తడిలో రెండు వారాల్లోపే అంటుకునే స్థితికి వస్తాయి, మట్టిలో నెలల తరబడి బతుకుతాయి. వాటిని మింగిన వానపామును తిన్నా కోడికి పురుగులు పడతాయి. అందుకే గూటిలో పరిచిన గడ్డిని వారానికోసారి తీసేస్తున్నాను, నీటి తొట్టి కింద ఎప్పుడూ తడిగా ఉండే చోటును ఎండబెట్టాను. మిగతా మూడు కోళ్లకూ అదే వారం మందు పోశాను. అయినా సీసా పై అంచు వరకు నిండుగానే ఉంది, గడువు తేదీ దాటితే పారేయవలసిందే.