తాత ఉంగరం బాగు చేసిచ్చిన అంగడి: అయిదుకు నాలుగు

తిరుపతి గాంధీ రోడ్డు వెనక సందులో బోర్డు కూడా లేని చిన్న అంగడి. ఒక ఆచారి, ఒక బల్ల, అంతే. మా తాత ఉంగరం రాయి ఊగుతోందని, అడుగున కమ్మీ అరిగి తీగలా అయిపోయిందని తీసుకెళ్లాను.

బంగారమేం కాదు, వెండి మీద పూత, ఎర్ర గాజురాయి. కానీ చిత్తూరు పక్క భారతం ఉత్సవాల్లో తాత అర్జునుడి వేషం కట్టి తపస్సు మాను ఎక్కినన్నాళ్లూ అది ఆయన వేలికే ఉండేది, ఆయనకు నాటకం నేర్పిన గురువు ఇచ్చింది. ఇప్పుడు మా మామ దాన్ని ఇంట్లోవాళ్లకు కాకుండా పక్కూరి పిల్లోడికి ఇస్తానంటున్నాడు. వాడు పద్యం ఎత్తుకుంటే ఊరంతా నిద్ర లేస్తుంది, అది నిజమే, అయినా నాకు మనసొప్పలేదు.

జర్మన్ నటుల ఇఫ్లాండ్ ఉంగరం గురించి చదివాక కాస్త మెత్తబడ్డాను. వజ్రాల మధ్య ఇఫ్లాండ్ అనే పాతకాలం నటుడి బొమ్మ ఉంటుంది. పెట్టుకున్నాయన తన తర్వాత ఎవరికో ముందే రాసిపెట్టాలి, చూసేది చుట్టరికం కాదు, నటన. బాసర్మన్ అనే ఆయన ఒకరి తర్వాత ఒకరిని ముగ్గుర్ని అనుకుంటే ముగ్గురూ ఆయనకంటే ముందే పోయారు, పాపం. 1935లో మూడో ఆయన మొయిసీ శవపేటిక మీద ఆ ఉంగరం పెట్టేశాడట. బాసర్మన్ కూడా పోయాక 1954లో గానీ అది మళ్లీ ఇంకో నటుడికి, వెర్నర్ క్రౌస్‌కు, చేరలేదు. 2019లో బ్రూనో గాంజ్ పోయాక యెన్స్ హార్జర్‌కు వచ్చింది.

సరే, అంగడి సంగతి. రాయి మార్చి కొత్తదానిలా మెరుగు పెట్టమన్నాను. ఆచారి ఒప్పుకోలేదు. "రాయి మారిస్తే ఇంక మీ తాతదేముంటాదప్పా?" అన్నాడు. అడుగున వెండి ముక్క వేసి టంకం పెట్టాడు, అతుకు భూతద్దంతో చూసినా కనబడదు. సైజు నా వేలికి చూడబోతుంటే, ఇది వేరే అబ్బాయికని నోరు జారాను. "అయితే వాడిని పిలుచుకుని రా" అని ఉంగరం పక్కన పెట్టేశాడు!

పిల్లోడి వేలు సన్నం, ఉంగరం జారిపోతోంది. "కోయను, ఇంకా లావెక్కుతాడు, అప్పటిదాకా దారం చుట్టుకో" అన్నాడు. దారం కూడా ఆయనే చుట్టాడు, దానికి డబ్బు తీసుకోలేదు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, నాలుగు రోజులని చెప్పి పన్నెండు రోజులు తిప్పాడు, ఫోన్ ఎత్తడు. పెళ్లిళ్ల సీజన్‌లో అస్సలు వెళ్లకండి.