బాదంతో పరీక్ష: మెరియం-వెబ్‌స్టర్, డీఎల్‌ఈ నిఘంటువులు

నిఘంటువు పస తేల్చడానికి కొరకరాని మాటలక్కర్లేదు, బాదం చాలు. ఇంగ్లిష్ 'ఆల్మండ్'కు మెరియం-వెబ్‌స్టర్, స్పానిష్ 'అల్మెంద్రా'కు రాయల్ స్పానిష్ అకాడమీ వారి డీఎల్‌ఈ. రెండూ నెట్‌లో ఉచితమే.

డీఎల్‌ఈలో మాట కొట్టగానే మొదట కాయ, తర్వాత పైపొరలు తీసిన పెంకుకాయ, ఆపైన లోపలి పప్పు, మూడూ విడివిడిగా వస్తాయి. అక్కడే ఆగిపోతే నష్టం. కింద అసలైన అర్థం ఉంది: టెంక ఉన్న ఏ పండులోని పప్పయినా అల్మెంద్రాయే. 'అల్మెంద్రా దెల్ మెలొకొతోన్'ను 'పీచ్ బాదం' అని రాస్తే అదేదో మిఠాయనుకుంటారు. నిజానికది పీచ్ టెంకలోని పప్పు. ఇంకా కిందికి వెళ్తే షాండ్లియర్‌కు వేలాడే గాజు బిళ్లలూ, వాడుకలో గులకరాయీ తగులుతాయి. ఇంగ్లిష్ ఆల్మండ్ ఇంత దూరం పోదు. పైగా అందులో చెట్టుకూ పప్పుకూ ఒకే మాట. స్పానిష్‌లో చెట్టు అల్మెంద్రో, పుంలింగం.

డీఎల్‌ఈలో ఉచ్చారణ ఉండదు, వివరణంతా స్పానిష్‌లోనే. కొత్తగా నేర్చుకునేవారికి ఇది ఇబ్బందే.

మెరియం-వెబ్‌స్టర్‌కు ఉచ్చారణే బలం: 'ల' పలికినా, మింగేసినా రెండూ ఒప్పే అని చూపిస్తుంది. వ్యుత్పత్తి భాగం దాటేయొద్దు. 'అల్' (ఇంగ్లిష్ 'ద' లాంటి అరబిక్ ముందుమాట) కనబడగానే అరబిక్ అనుకోవడం మామూలు పొరపాటు. రెండు మాటలకూ మూలం గ్రీకు 'అమిగ్దలె', లాటిన్ మీదుగా వచ్చింది. అరబిక్‌లో బాదం 'లౌజ్'. దాన్నుంచి స్పానిష్‌కు వచ్చింది వేరే మాట, 'అయోసా'.

వైద్య అనువాదకులకు ఆ గ్రీకు మాటే గొయ్యి. ఇంగ్లిష్‌లో 'అమిగ్డలా' అంటే మెదడులోని భాగం. స్పానిష్ 'అమీగ్దలా' ఎక్కువగా గొంతులోని టాన్సిల్. 'అమిగ్దలీతిస్' అని రిపోర్టులో ఉంటే గొంతు నొప్పి కేసు, మెదడు జబ్బు కాదు.

'అల్మెంద్రా = ఆల్మండ్' అని ఒక్క ముక్కతో సరిపెట్టే ద్విభాషా యాప్‌లు కిరాణా జాబితాకు చాలు, అంతకుమించి నమ్మొద్దు. మాద్రిద్‌లో 'అల్మెంద్రా సెంత్రాల్' అంటే ఎం-30 రింగురోడ్డు లోపలి నగరం. క్యూబాలో 'అల్మెంద్రోన్' అంటే షేర్ టాక్సీగా తిరిగే పాత అమెరికన్ కారు. అమెరికా ఖండపు స్పానిష్ చదివేవారు డీఎల్‌ఈ పక్కనే 2010లో వచ్చిన 'దిక్సియొనారియో దె అమెరికనీస్మోస్' (ఆ ఖండపు స్పానిష్ మాటల నిఘంటువు) కూడా తెరిచి పెట్టుకోవాలి.