కిడ్నీ ముక్క పరీక్షకు ఏ మైక్రోస్కోప్ మేలు?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వంటి మండలాల్లో, కారణం ఇంకా తేలని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఎక్కువ. కిడ్నీ సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగే వ్యర్థపదార్థమైన క్రియాటినిన్ అన్న మాట వినని ఇల్లు అక్కడ అరుదు. ఆ అంకె పెరిగిందని రక్తపరీక్ష చెబుతుంది గాని, కిడ్నీలో ఏ భాగం దెబ్బతిన్నదో చెప్పలేదు. అది తెలియాలంటే సూదితో తీసిన దారంలాంటి ముక్కను సూక్ష్మదర్శిని కింద పరీక్షించవలసిందే. ఆ ముక్కను మామూలు కాంతి మైక్రోస్కోప్‌తో చూడవచ్చు, ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్‌తో చూడవచ్చు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తోనూ చూడవచ్చు. అన్నిటికంటె శక్తిమంతమైనది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపే కనుక నేరుగా అదే చేయిస్తే సరిపోదా అని రోగి బంధువులకు అనిపించడం సహజం. సరిపోదు. ఏది మేలన్నది ముఖ్యంగా ఆ రోగి మూత్రంలో ప్రోటీన్ ఎంత పోతున్నదన్న దానిని బట్టి ఉంటుంది.

మొదటి స్థానం, నా అభిప్రాయంలో, ఎప్పుడైనా మామూలు మైక్రోస్కోప్‌దే. ముక్కను 10 శాతం ఫార్మలిన్‌లో ఉంచి, ఆల్కహాల్‌తో నీరు తీసివేసి, కరిగిన పారాఫిన్ మైనంలో దిమ్మగా పోసి, మైక్రోటోమ్‌తో 2 నుంచి 3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన పొరలుగా కోస్తారు. హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు వేస్తే కణకేంద్రకాలు నీలంగాను, మిగిలిన భాగం గులాబీ రంగులోను కనిపిస్తాయి. కిడ్నీకి ఈ ఒక్క రంగు చాలదు. పొరల అంచులను చూపడానికి పి.ఎ.ఎస్., వెండి రంజనాలు, మచ్చకట్టిన భాగాన్ని నీలంగానో ఆకుపచ్చగానో చూపడానికి ట్రైక్రోమ్ కూడా వేస్తారు. ఉద్దానం జబ్బులో ప్రధానంగా చెడిపోయేవి మూత్రనాళికలు, వాటి మధ్యనున్న కణజాలం. నాళికలు కుంచించుకుపోతాయి, మధ్యలో పీచు పేరుకుంటుంది, వడపోత గుచ్ఛాలైన గ్లోమెరులస్‌లలో కొన్ని పూర్తిగా గట్టిపడిపోయినా మిగిలినవి చాలావరకు బాగానే కనిపిస్తాయి. ఇదంతా మామూలు మైక్రోస్కోప్‌కు అందేదే. ఎన్ని గ్లోమెరులస్‌లు పోయాయి, పీచు ఎంత మేర వ్యాపించింది అన్న లెక్క కూడా ఇక్కడే తేలుతుంది, మున్ముందు కిడ్నీ ఎంత నిలుస్తుందన్న అంచనాకు ఆ లెక్కే ఆధారం. పైగా మైనపు దిమ్మ దశాబ్దాలపాటు నిలుస్తుంది. సందేహం వస్తే మళ్లీ కోసి చూడవచ్చు. అయితే ఈ మార్పులు నష్టాన్ని చూపుతాయే తప్ప దానికి నీరు కారణమా, ఎండలో చేసే పని కారణమా, మరేదైనా విషమా అన్నది చెప్పవు.

మూత్రంలో ప్రోటీన్ ఎక్కువగా పోతున్నా, రక్తకణాలు పడుతున్నా సంగతి వేరు. ఉద్దానంలో ఉన్నంత మాత్రాన ప్రతి కిడ్నీ జబ్బూ ఉద్దానం జబ్బు కాదు. ఇక్కడివారికీ రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదనే దాడిచేసే లూపస్ వస్తుంది, ఐజీఏ అనే యాంటీబాడీ (రోగనిరోధక ప్రోటీన్) కిడ్నీలో పేరుకునే ఐజీఏ నెఫ్రోపతీ వస్తుంది. ఐజీఏ జబ్బును 1968లో ఫ్రాన్సులో బెర్జే గుర్తించగలిగింది ఫ్లోరసెన్స్ పద్ధతి అందుబాటులోకి వచ్చినందువల్లనే. గ్లోమెరులస్‌లో పేరుకున్నది ఐజీఏ అని మామూలు రంగులు చెప్పలేవు. వెలుగునిచ్చే రంగు జోడించిన యాంటీబాడీలను గడ్డకట్టించి కోసిన పొర మీద వేస్తే, పేరుకున్న పదార్థం ఏదో చీకటిలో ఆకుపచ్చగా మెరిసి తెలుస్తుంది. ఈ పరీక్షకు ముక్క ఫార్మలిన్‌లో పడకూడదు. ఫార్మలిన్ ప్రోటీన్లను ఒకదానితో ఒకటి ముడివేయడం వల్ల యాంటీబాడీలు వాటిని పట్టుకోలేవు. కనుక రెండో ముక్కను విడిగా తీసి, ప్రయోగశాల దగ్గరలో ఉంటే చల్లని సెలైన్‌లోను, దూరంలో ఉంటే మైకెల్స్ ద్రావణంలోను పంపాలి. ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నం 200 కిలోమీటర్లకు పైమాటే; కొన్ని రోజులపాటు ముక్కను కాపాడే మైకెల్స్ ద్రావణమే ఇంత దూరానికి తగినది.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ అవసరం తక్కువమందికే, కాని ఆ తక్కువమందికి దాని సాయం చాలా పెద్దది. మామూలు కాంతితో 0.2 మైక్రాన్ల కంటె దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడదీసి చూడలేము. మినిమల్ చేంజ్ అనే జబ్బులో ఒళ్లంతా వాచి, మూత్రంలో ప్రోటీన్ ధారగా పోతున్నా మామూలు స్లైడు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. వడపోత పొరను పట్టుకుని ఉండే పోడోసైట్ కణాల పాదాలు చదునైపోయాయని ఎలక్ట్రాన్ కిరణాలు మాత్రమే చూపగలవు. అయితే గ్లుటరాల్డిహైడ్‌లో ఉంచి 0.1 మైక్రాన్ కంటె పలచగా కోసే ఆ పొరలో ఒకటి రెండు గ్లోమెరులస్‌లే ఉంటాయి. నష్టం అక్కడక్కడ మాత్రమే ఉన్న కిడ్నీలో, చూసిన ఆ ఒక్కటీ బాగున్నదైతే మిగిలిన వాటి సంగతి తెలియదు. ఖర్చు, జాప్యం కూడా ఎక్కువే. ఉద్దానం జబ్బు మూలాన్ని వెతికే పరిశోధనలో మాత్రం దీని విలువ వేరు. శ్రీలంక, మధ్య అమెరికాలలోని ఇలాంటి రోగుల నాళికాకణాల్లో లైసోజోములు (కణంలోని వ్యర్థాలను అరిగించే సంచులు) అసహజంగా పెరిగి ఉండడం ఈ మైక్రోస్కోప్‌తోనే కనబడింది. అది విషపదార్థానికి గుర్తేనా అన్నదానిపై నిపుణులు ఇంకా ఏకాభిప్రాయానికి రాలేదు.

కాబట్టి ప్రోటీన్ స్వల్పంగా పోతున్న ఉద్దానం రోగికి మామూలు మైక్రోస్కోప్ పరీక్షే ప్రధానం, ఫ్లోరసెన్స్ ఇతర జబ్బులు లేవని ధ్రువపరచడానికి తోడు. ప్రోటీన్ ఎక్కువగా పోతుంటే ఆ రెండూ తప్పనిసరి. అందుకే సూది వేసేముందే, ఫ్లోరసెన్స్‌కు విడిగా ముక్క తీస్తున్నారా అని డాక్టరుగారిని అడగండి. అంతా ఒకే ఫార్మలిన్ సీసాలో వేసేస్తే, ఆ తరువాత ప్రోనేజ్ ఎంజైముతో మైనపు పొర మీదనే ఫ్లోరసెన్స్ ప్రయత్నించవచ్చు గాని, అది కొన్ని జబ్బులను సరిగా పట్టలేదు. ఇక స్కానింగులో రెండు కిడ్నీలూ కుంచించుకుపోయి కనిపించిన వ్యక్తికి సాధారణంగా ఈ మూడింటిలో ఏదీ మేలు కాదు: రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది, దొరికే ముక్కలో మచ్చకట్టిన కణజాలం తప్ప మొదట ఏమి జరిగిందో చెప్పే భాగం మిగిలి ఉండదు.